పచ్చసొన చేసిన నేరం

ఈమధ్య మన నగరాల్లో విచారణ లేకుండానే శిక్షలు పడుతున్నాయి. ముద్దాయి పచ్చసొన. నేరం కొలెస్ట్రాల్. శిక్ష చెత్తబుట్ట. తీర్పరి ఎవరంటారా? నిన్నగాక మొన్న జిమ్ములో చేరిన ప్రతి మహానుభావుడూను!

ఆఫీసు క్యాంటీన్‌లో చూడండి. ఉడకబెట్టిన గుడ్డును రెండుగా చీల్చి, పచ్చటి ముద్దను వేలితో నెట్టేసి, తెల్లసొనను ప్రసాదంలా కళ్లకద్దుకుంటారు. "ఆరోగ్యం ముఖ్యం గురూ!" అని మనకో ఉపదేశం. సాయంత్రమయ్యేసరికి ఆ నోట్లోకే మరిగిమరిగి నల్లబడ్డ నూనెలో వేగిన మిరపకాయ బజ్జీలు వెళ్తాయి. ఆదివారం బిర్యానీ, ఆపైన డబుల్ కా మీఠా. వాటి మీద మాత్రం ఏ కేసూ ఉండదు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

సరే, ముద్దాయి ఆస్తిపాస్తులు చూద్దాం. గుడ్డులో ఉండే సుమారు 6 గ్రాముల మాంసకృత్తుల్లో దాదాపు రెండున్నర గ్రాములు పచ్చసొనవే. ఏ, డి విటమిన్లు, బి12లో సింహభాగం, మెదడుకు పనికొచ్చే కోలిన్, కంటికి మేలుచేసే ల్యూటిన్ ఉండేదీ అందులోనే. తెల్లసొన వాటాకు మిగిలింది మాంసకృత్తులు, కాస్త బి2, బోలెడు నీళ్లు. డబ్బు పెట్టి కొన్నవి పారేసి, విటమిన్ మాత్రలకు మళ్లీ డబ్బు పెట్టడం మనవాళ్ల పొదుపు!

కొలెస్ట్రాల్ లేదనడం లేదు. గుడ్డుకు 200 మిల్లీగ్రాములకు కాస్త తక్కువ ఉంటుంది. అంతకన్నా ఎక్కువే మన ఒళ్లు రోజూ సొంతంగా తయారుచేసుకుంటుంది. తిండిలో ఎక్కువ వస్తే చాలామందిలో ఆ తయారీ తగ్గుతుంది. రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్‌ను బాగా పెంచేవి సంతృప్త కొవ్వులు, ట్రాన్స్ ఫ్యాట్లు. రోజుకు 300 మిల్లీగ్రాములన్న పాత పరిమితిని అమెరికా ఆహార మార్గదర్శకాలే 2015-20 కూర్పులో ఎత్తేశాయి. ఆ కబురు మన క్యాంటీన్‌కు ఇంకా చేరలేదు.

అలాగని డజన్ల లెక్కన మింగమని కాదు. గుడ్డులో పీచు లేదు, సి విటమిన్ లేదు. పక్కన పప్పు, ఆకుకూర, ఓ జామకాయ ఉండాల్సిందే. మధుమేహం, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఎన్ని తినాలో డాక్టరును అడగాలి, జిమ్ము మిత్రుణ్ని కాదు.

అంగన్‌వాడీలో గర్భిణులకూ పసివాళ్లకూ గుడ్డు గుడ్డంతా పెడతారు. మీరూ అలాగే తినండి బాబూ! శిక్ష వేయాలన్న సరదా అంతగా ఉంటే, రెండో ప్లేటు బజ్జీలకు వేయండి.