“పాడ్ డిలీట్ కొట్టు తమ్మీ, కొత్తది అదే లేస్తది”

కథలాపూర్, కోరుట్ల, జగిత్యాలల నుంచి ఇంజినీరింగ్ పూర్తిచేసి హైదరాబాద్ బస్సెక్కే పిల్లల్లో చాలామంది అమీర్‌పేటలో డెవాప్స్ కోర్సు చేస్తారు. కుబర్నెటిస్ ఆదేశాలు అక్కడ వస్తాయి. అలవాట్లు మాత్రం ఉద్యోగంలో చేరాక, అర్ధరాత్రి ఫోన్ చేస్తే సీనియర్ చెప్పే ఒక్క ముక్క చిట్కాతో వస్తాయి. ఆ చిట్కాల్లో తప్పుడువి ఎన్నో. అయినా అప్పటికి పనిచేస్తాయి, అందుకే ఎవరూ వాటిని అనుమానించరు. ఊళ్లోనే కూర్చుని రాత్రి షిఫ్టు చూసే కుర్రాళ్లకు పక్కన అడగడానికి మనిషి కూడా ఉండడు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసేది పైన శీర్షికగా పెట్టిన సలహాయే. నిజమే, డిప్లాయ్‌మెంట్ కింద నడిచే పాడ్‌ను తీసేస్తే ఇంకోటి వస్తుంది, అలారం ఆగుతుంది. కానీ లాగ్స్‌ను బయట ఎక్కడా దాచుకోని చోట, అది ఎందుకు పడిపోయిందో చెప్పే రాతలు పాత పాడ్‌తోనే పోతాయి. సిరిసిల్లలో పోగు తెగితే సాంచె ఆపి, తెగిన చోటు వెతికి ముడేసి, ఆ తర్వాతే మళ్లీ నడిపిస్తారు. ఉత్తగా ఆపి నడిపిస్తే బట్ట పాడవుతుందని అక్కడ కొత్తగా పనిలో చేరినవాడికీ తెలుసు.

డిలీట్‌కు ముందు రెండు నిమిషాలు ఆగండి. ‘కుబ్‌సీటీఎల్ డిస్క్రైబ్ పాడ్’ కొట్టి ‘లాస్ట్ స్టేట్’ అన్న చోట చూడండి. కారణం ‘ఓఓఎమ్‌కిల్డ్’, ఎగ్జిట్ కోడ్ 137 అని ఉంటే కంటైనర్ తనకిచ్చిన మెమరీ హద్దు దాటింది, లినక్స్ కెర్నల్ దాన్ని చంపేసింది. ఎగ్జిట్ కోడ్ 1 అయితే చాలాసార్లు అప్లికేషనే చేతులెత్తేసి ఉంటుంది. ‘లాగ్స్’ ఆదేశానికి ‘--ప్రీవియస్’ తగిలిస్తే పడిపోయిన కంటైనర్ చివరగా ఏం రాసిందో కనబడుతుంది. ఈవెంట్లు మామూలుగా గంటసేపే ఉంటాయి. తెల్లారి చూద్దామని పడుకుంటే దొరకవు. ‘క్రాష్‌లూప్‌బ్యాక్‌ఆఫ్’ చూసి క్లస్టర్ మొరాయించిందని కంగారుపడొద్దు. పడిపోయిన ప్రతిసారీ 10 సెకన్లు, 20, 40 అంటూ 5 నిమిషాల దాకా ఆగి ఆగి మళ్లీ లేపడం కుబర్నెటిస్ పద్ధతి.

137 కనబడగానే రెండో చిట్కా సిద్ధంగా ఉంటుంది: “మెమరీ డబుల్ చేసెయ్.” హద్దు నిజంగా తక్కువైతే సరే. ప్రోగ్రామ్‌లోనే లీకేజీ ఉంటే రెండు గంటలకు పడేది నాలుగు గంటలకు పడుతుంది, అంతే తేడా. వాడకం గ్రాఫ్ ఒకచోట నిలబడుతోందా, ఎక్కుతూనే పోతోందా అన్నది చూడకుండా అంకె మార్చకండి.

“అందరికీ క్లస్టర్ అడ్మిన్ ఇచ్చెయ్, లొల్లి ఉండదు.” ఈ మాట వింటే నాకు కోపమొస్తుంది. 2018 ఫిబ్రవరిలో టెస్లా సంగతి బయటపడింది: కుబర్నెటిస్ కన్సోల్‌కు పాస్‌వర్డే పెట్టలేదు. దొంగలు అందులోకి దూరి, ఒక పాడ్‌లో కంపెనీ అమెజాన్ క్లౌడ్ తాళంచెవులు చూశారు. ఆ యంత్రాల మీదే క్రిప్టో మైనింగ్ నడిపారు, దొరక్కుండా సీపీయూ వాడకం తక్కువగా ఉంచుకున్నారు. అంత పెద్ద కంపెనీ తలుపు తెరిచి పెట్టిందంటే మన చిన్న జట్లు ఎంత జాగ్రత్తగా ఉండాలి! ఎవరికి ఏ నేమ్‌స్పేస్‌లో ఏ పని ఉందో అంతే అనుమతి రాయండి. ఎవరికి ఏది చెల్లుతుందో ‘ఆథ్ కెన్-ఐ’ ఆదేశం చెబుతుంది. ఏపీఐతో పనిలేని పాడ్‌కు సర్వీస్ అకౌంట్ టోకెన్ కూడా అక్కర్లేదు, ఆపేయండి.

“సీక్రెట్‌లో పెట్టినం, పాస్‌వర్డ్ సేఫే” అన్నదీ అలాంటిదే. అందులో కనిపించేది బేస్64 రాత, దాన్ని ఎవరైనా క్షణంలో విప్పేస్తారు. మనం ప్రత్యేకంగా అమర్చుకుంటే తప్ప క్లస్టర్ సమాచారం దాచే ఈటీసీడీలో అది ఎన్‌క్రిప్ట్ కాదు. ఆ నేమ్‌స్పేస్‌లో పాడ్ సృష్టించే అనుమతి ఉన్నవాడు ఆ సీక్రెట్‌ను తన పాడ్‌లో తగిలించుకుని చదువుకోగలడు.

ఈటీసీడీ రెండు పెడితే ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందనే లెక్క కూడా తప్పే. రెండింట్లో మెజారిటీ అంటే రెండూ, ఒకటి పడితే రాతలు ఆగిపోతాయి. మూడు పెట్టండి.

ఇక “నడుస్తున్నదాన్ని కెలకొద్దు, అప్‌గ్రేడ్ జోలికి పోకు.” కుబ్‌ఏడీఎమ్‌తో కట్టిన క్లస్టర్ సర్టిఫికెట్లు మామూలుగా ఏడాదికి ముగుస్తాయి. అప్‌గ్రేడ్ చేస్తే దానితోపాటు అవీ కొత్తవి అవుతాయి, వదిలేస్తే ఒక పొద్దున ఏపీఐ సర్వర్ ఎవరినీ లోపలికి రానివ్వదు. 2025 మార్చిలో, బయటి ట్రాఫిక్‌ను లోపలికి పంపే ఇంగ్రెస్-ఎన్‌జిన్ఎక్స్‌లో బయటపడ్డ లోపం ఇంకా గట్టిది. పాడ్ నెట్‌వర్క్‌ను చేరగలిగినవాడు ఏ లాగిన్ లేకుండానే క్లస్టర్‌ను చేజిక్కించుకునే వీలుండేది. 2026 మార్చి తర్వాత ఇంగ్రెస్-ఎన్‌జిన్ఎక్స్‌కే సవరణలు ఉండవని నిర్వాహకులు 2025 నవంబరులోనే ప్రకటించారు. మీ క్లస్టర్‌లో అది ఉందేమో ఈరోజే చూసుకోండి, ఉంటే వేరేదానికి మారే పని మొదలుపెట్టండి.

ఇవన్నీ చదివితే రావు, చేత్తో చేస్తేనే వస్తాయి. దానికి ల్యాప్‌టాప్‌లో మినీక్యూబ్ ఉంటే చాలు. మెమరీ హద్దు 64 ఎంబీ పెట్టి అంతకంటే ఎక్కువ తినే ప్రోగ్రామ్ నడిపి 137 కళ్లారా చూడండి. ఇమేజ్ పేరు తప్పు రాసి ‘ఇమేజ్‌పుల్‌బ్యాక్‌ఆఫ్’ తెప్పించండి. సర్వీస్ సెలెక్టర్‌లో ఒక్క అక్షరం మార్చి, పాడ్లన్నీ బాగానే ఉన్నా ఎండ్‌పాయింట్లు ఎలా ఖాళీ అవుతాయో చూడండి. ఆ అక్షరం సరిచేయకముందు, ఏ ఆదేశం కొడితే ఆ తప్పు మొదట కనబడిందో రాసి పెట్టుకోండి.