డబ్బా ఇప్పని మామ

మా మామ ఇంట్లో ఇస్త్రీ పెట్టెలు రెండున్నాయి. ఒకటి వాడేది. దాని వైరుకు మూడుచోట్ల నల్ల టేపు చుట్టి ఉంటుంది, కాళ్లావేళ్లా పడితే గానీ వేడెక్కదు. రెండోది పెళ్లిలో ఎవరో చదివించింది. ముప్పై ఏళ్లు దాటినా ఇంకా అట్టపెట్టెలోనే ఉంది, కొత్త పెళ్లికూతురిలాగా. "కొత్తది ఉన్నది కద మామా, అది తీయరాదు?" అని అడిగితే మామ నన్ను జాలిగా చూస్తాడు.

"ఇప్పినమంటే పాతదయితదిరా."

ఇలాంటి మనిషి ప్రతి ఊళ్లో ఒకడుంటాడు. టీవీ రిమోటు మీది ప్లాస్టిక్ కవరు చినిగి పీలికలైనా తీయడు, బంధువులు తెచ్చిన సెంటుసీసాను బీరువాలోనే ఆవిరి కానిస్తాడు. అయితే మా మామ ఉండేది కాగజ్‌నగర్‌లో. అక్కడే ఉంది చిక్కంతా.

కొత్తపేట అనే పల్లె పక్కన 1938లో మొదలుపెట్టి 1942 నుంచి కాగితం తీసిన సిర్పూర్ పేపర్ మిల్లు వల్ల ఆ ఊరికి పేరే కాగితం నుంచి వచ్చింది. అడవిలోంచి వెదురు లారీల్లో వచ్చేది, ముక్కలయ్యేది, ఉడికేది, గుజ్జయ్యేది, మిషను మీద పరుచుకునేది, ఆఖరికి రీములై మామ చేతికి వచ్చేది. మామ ఫినిషింగ్ హౌసులో ముప్పైమూడేళ్లు పనిచేసి, మిల్లు మూతపడకముందే రిటైరయ్యాడు. కాగితాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కసారి రాస్తే చాలు, ఎన్ని జీఎస్సెమ్మో, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో, చెప్పేస్తాడు. ఎవరన్నా పెళ్లిపత్రిక ఇస్తే పిల్ల పేరు, పిల్లగాని పేరు తర్వాత చదువుతాడు. ముందు మూల పట్టుకొని నలిపి, "మూడొందల జీఎస్సెం. పార్టీ గట్టిదే" అంటాడు. ఒకసారి పలచటి పత్రిక తెచ్చినాయన మొహం చిన్నబుచ్చుకొని చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు.

కాగితమంటే టన్నుల్లెక్కన పుట్టేదని, చినిగినా ముడతపడ్డా 'బ్రోక్' అని మళ్లీ గుజ్జులో కలిపేస్తారని ఈ భూమ్మీద అందరికంటే బాగా తెలిసిన మనిషి మామ. ఆ మనిషే ఇంటికొచ్చి ఒక్కో కాగితం ముక్కకు కాపలా కాస్తాడు.

మామ సందుక చూస్తే మీకే తెలుస్తుంది. చివర 786 అంకె ఉన్న నోట్లు, ట్రాక్టరు బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోట్లు, మా బావ చిన్నప్పుడు కొనిపించుకొని ఏడ్చి మొత్తుకున్నా విప్పనివ్వని డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డుల డబ్బీ. అండర్‌టేకరు పాపం అందులో ఊపిరాడక ఇన్నేళ్లుగా పడుకునే ఉన్నాడు. పాత నోట్లకు లక్షలిస్తామనే మాటలు నమ్మొద్దని, తమ పేరు చెప్పి కమీషన్లు గుంజేవాళ్లున్నారని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది. ఆ వార్త చదివి వినిపించాను. మామ కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"గంత పెద్ద బ్యాంకు పనిగట్టుకొని వద్దంటున్నదంటే, అందుల ఏదో ఉన్నట్టే కదరా."

2014లో మిల్లు ఆగిపోయింది. పొద్దున్నే కూసే సైరను లేక ఊరు నిద్రలేవడమే మరిచిపోయినట్టుండేది. ఇళ్లు ఖాళీ అయ్యాయి, పిల్లలు హైదరాబాదు బండెక్కారు. ఆ దుఃఖంలో మామ ఒక పని చేశాడు. దుకాణంలో మిగిలిన మిల్లు కాగితం పదిహేను రీములు కొని సందుకలో పెట్టాడు. "ఇగ ఈ కాయితం పుట్టది. నిలబడితే ధర అదే నడుచుకుంట వస్తది." నాలుగేళ్లకు, 2018లో, జేకే పేపర్ వాళ్లు మిల్లును తీసుకున్నారు. ఊరంతా పండుగ చేసుకున్నారు. మామ కూడా మిఠాయి పంచాడు, నిజంగా సంతోషపడ్డాడు. కానీ రాత్రి భోజనం దగ్గర మాత్రం కొంచెం తక్కువ తిన్నాడని అత్త చెప్పింది.

ఆ ఇంట్లో నిజంగా దొరకని వస్తువు ఒకటుంది. సర్‌సిల్క్ గుడ్డ ముక్క. మిల్లు పక్కనే ఉండి 1985లో మూతపడి మళ్లీ తెరుచుకోని సర్‌సిల్క్ ఫ్యాక్టరీది. దాన్ని అత్త మిక్సీ మీద కప్పుతుంది. దాని మీద పప్పు మరకలున్నాయి. మామ దాన్ని ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే అది డబ్బాలో లేదు.

ఇట్లాంటి ఇంటికి డాలస్ నుంచి అల్లుడు వచ్చాడు, డిసెంబరు సెలవులకు, పెట్టెలో మూడు డబ్బాలు పెట్టుకొని.

అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలతో కార్డులు అమ్ముతారు. మన బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో క్రికెటర్ల బొమ్మలు వచ్చేవి చూడండి, ఆ బాపతే. అల్లుడు ఒక గరాజు సేల్‌లో స్టేడియం క్లబ్ కార్డుల డబ్బా ఒకటి, 1990–91 నాటి హూప్స్ డబ్బాలు రెండు కొన్నాడు. మూడింటికీ సీలు అట్లనే ఉంది. మామ ముందు పెట్టాడు. నేను మామ మొహమే చూస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా ఎవ్వరూ విప్పని డబ్బాలు! ఆ క్షణంలో ఆయనకు ఆ అల్లుడు కన్నకొడుకు కన్నా ఎక్కువయ్యాడు.

"ఇప్పుదామా మామయ్యా?" అన్నాడు అల్లుడు, కత్తెర తీసి.

అల్లుడిని తిట్టకూడదు కాబట్టి మామ తిట్టలేదు. "చలిగున్నది, జర ఎండ రానీయి బిడ్డా" అన్నాడు. ఎండ వచ్చింది. ఆదిలాబాద్ వైపు డిసెంబరు ఎండ, వెన్నుకు కంబళిలాగా ఉంటుంది. "ఇంత చాయ్ తాగుదాం" అన్నాడు. తాగాం. "ఇయ్యాల అమాస కాదు గద?" అన్నాడు. కాదు. ఇక దారిలేక మామ కత్తెర వద్దని, గడ్డం గీసుకునే బ్లేడు తెప్పించి, మళ్లీ అతికిస్తే తెలియకుండా ఉండేలా ఒక హూప్స్ డబ్బా సీలు పక్కగా కోశాడు. ఆపరేషన్ థియేటర్లో కూడా అంత నెమ్మది చూడలేదు నేను.

డబ్బాకు 36 పొట్లాలు, పొట్లానికి 15 కార్డులు. అంటే 540. మామ మొదటి కార్డు తీసుకొని బొమ్మ చూడకుండా మూల నలిపాడు. "బోర్డు మంచిగనే ఉన్నది" అని తిప్పి, "ఎంతది?" అన్నాడు.

అల్లుడు కొంచెం ఇబ్బందిపడ్డాడు. మైకేల్ జోర్డాన్ తొలి ఫ్లీర్ కార్డు, 1986–87 నాటిది, మచ్చలేకుండా ఉన్నది 2021లో 7,38,000 డాలర్లకు పోయిందని ముందు చెప్పాడు. మామ కార్డును రెండు చేతులతో పట్టుకున్నాడు. అది ఇది కాదని తర్వాత చెప్పాడు. మామ ఒక చేత్తో పట్టుకున్నాడు. ఈ 540 కలిపినా ఒక పూట భోజనం ఖర్చు రావడం కష్టమని ఆఖర్న చెప్పాడు. మామ కార్డు కింద పెట్టాడు.

"ముప్పై ఏండ్లు దాటింది కద బిడ్డా. అందుల సీలు."

అప్పుడు అల్లుడు చెప్పిన కథ ఇది. అక్కడ 1950లలో పిల్లలు బేస్‌బాల్ కార్డులతో ఆడుకున్నారు, సైకిలు చక్రాల పుల్లల్లో పెట్టి టకటకమనిపించుకున్నారు, పెద్దయి ఇల్లు వదిలాక తల్లులు వాటిని చెత్తలో పారేశారు. టాప్స్ కంపెనీ తానే 1952 నాటి అమ్ముడుపోని కార్డుల పెట్టెలను 1960లో పడవలో తీసుకెళ్లి సముద్రంలో కలిపింది. అందుకే ఆ సంవత్సరపు మికీ మ్యాంటిల్ కార్డు ఒకటి 2022లో కోటీ ఇరవైఆరు లక్షల డాలర్లు పలికింది. పాత కార్డులకు ధర పలుకుతున్న ముచ్చట 1980లలో పేపర్లలో పడేసరికి అందరూ తెలివిమీరారు. ఈసారి ఎవ్వరూ ఆడుకోలేదు, ఎవ్వరూ పారేయలేదు. పిల్లల చదువుకని, ముసలితనానికని డబ్బాలకు డబ్బాలు కొని విప్పకుండా అటకమీద పెట్టారు. కంపెనీలు ఎన్ని అచ్చేస్తున్నాయో చెప్పకుండా అచ్చేస్తూనే పోయాయి. ఇప్పుడు ఆ కాలం సరుకుకు అక్కడ 'జంక్ వ్యాక్స్' అని పేరు. మైనపు కాగితం పొట్లాల్లో వచ్చిన చెత్త అన్నమాట.

మామకు ఈ కథలో ఒక్కటే వినిపించింది. మెల్లగా వంటింటి వైపు తిరిగాడు. "అంటే ఆడోళ్లు పారేసిన వస్తువులే కోట్లయినయి." ఏళ్లనాటి ఫిర్యాదు ఆ చూపులో ఉంది.

అత్త గుమ్మంలోకి వచ్చింది. "మరి నేను పారేస్తెనే ధర పెరుగుతదన్నట్టు. సందుక తాళం ఇయ్యి, ఇయ్యాల్నే లక్షాధికారివి అయితవు."

మామ తాళంచెవి బొడ్లోకి తోసుకొని, అల్లుడి వైపు తిరిగి, ఈ డబ్బాలో కాస్తో కూస్తో పలికేది ఒక్కటీ లేదా అని అడిగాడు. రెండున్నాయన్నాడు అల్లుడు. ఒకటి శామ్ విన్సెంట్ కార్డు. 1990 ఫిబ్రవరి 14న ఓర్లాండోలో జోర్డాన్ అంగీ ఎవరో ఎత్తుకుపోతే, 23కు బదులు 12 అంకె ఉన్న పేరులేని అంగీ వేసుకొని ఆడాడు. ఆ అంగీతో జోర్డాన్ ఈ కార్డులో పడ్డాడు. తర్వాత అచ్చులో ఫొటో మార్చేశారు. ఇంకొకటి మార్క్ జాక్సన్ కార్డు. అతని వెనుక ముందువరస కుర్చీల్లో కూర్చున్న ఇద్దరు పడుచువాళ్లు కన్నతల్లినీ తండ్రినీ కాల్చి చంపిన మెనెండెజ్ సోదరులని పాతికేళ్లు దాటాక, 2018లో, ఎవరో కనిపెట్టారు. అప్పటిదాకా పైసకు కొరగాని కార్డు కోసం జనం ఎగబడ్డారు.

మామ చాలాసేపు మాట్లాడలేదు.

"అంటే దొంగతనానికి ధరున్నది, ఖూనీకి ధరున్నది. మంచిగ ఆడినోనికి లేదు."

ఇంతలో స్టేడియం క్లబ్ డబ్బా విప్పితే ఒక్కో పొట్లంలోంచి కార్డులు కాదు, ఇటుకలు వచ్చాయి. ఒకదానికొకటి కరుచుకుపోయాయి. అల్లుడు నీరుగారిపోయాడు గానీ, మామ మొహం మాత్రం ఆ రోజు మొదటిసారి వెలిగింది. ఇటుకను చేతిలో తూచి, అంచు వెలుతురుకు పెట్టి చూశాడు. "రెండు దిక్కులా పూత వేసిండ్రు. ఒత్తిడి మీద పెట్టిండ్రు. చెమ్మ తగిలింది. అతుక్కోక ఏం చేస్తది? మా దగ్గరైతే అప్పుడే బ్రోక్‌ల పడేస్తుంటిమి." ఒక మూల బ్లేడు దూర్చి విడదీస్తే పై ఆటగాడి మొహం కింది ఆటగాడి వీపుకు అంటుకొని వచ్చింది. అల్లుడికి కోటింగు గురించి అరగంట పాఠం జరిగింది. విప్పని డబ్బాల గురించి చెప్పేటప్పుడు మామ గొంతులో ఒక భక్తి ఉంటుంది. చెడిపోయిన కాగితం గురించి చెప్పేటప్పుడు ఉండేది మాత్రం పనితనం. నాకు ఈ రెండో మామంటేనే ఇష్టం.

ధరలేదని తేలిన 540 కార్డులు మధ్యాహ్నానికి గల్లీలోకి చేరాయి. నేరం నాదే. అల్లుడి వెంట వచ్చిన డాలస్ పిల్లగానికీ గల్లీ పిల్లలకూ మా చిన్నప్పటి ట్రంప్ కార్డుల ఆట నేర్పాను. వెనుక ఎత్తు, బరువు అచ్చేసి ఉన్నాయి కదా. ఎత్తు పిలిస్తే ఎక్కువున్నవాడిది గెలుపు. ఏడడుగుల నాలుగంగుళాల మార్క్ ఈటన్ పది నిమిషాల్లో గల్లీకి రాజయ్యాడు. అతను ఎవరి చేతికొస్తే వాడు కూర్చున్నచోటనే ఎగిరేవాడు. జోర్డాన్ ఆరడుగుల ఆరంగుళాలే. ఎవరూ పట్టించుకోలేదు.

షార్లట్ జట్టు మగ్సీ బోగ్స్ అయిదడుగుల మూడంగుళాలు. అందరి చేతిలో ఓడిపోతున్నాడు. పాలాయన బిడ్డ, ఎనిమిదేళ్లది, ఆ గుంపులో అందరికంటే పొట్టి. బోగ్స్ మూడోసారి ఓడాక ఆట ఆపి కొత్త రూలు పెట్టింది: పొట్టోడు వస్తే అందరినీ కొడతడు, ఈటన్‌ని కూడా. పెద్దపిల్లలు లొల్లి చేశారు. ఆ పిల్ల కార్డుల మీద కూర్చుంది. రూలు అమల్లోకి వచ్చింది.

డబ్బా మొత్తానికి బోగ్స్‌లు ఇద్దరే వచ్చారు. సాయంత్రానికి ఒక బోగ్స్‌కు ఇద్దరు ఈటన్లు నడిచింది, తర్వాత నలుగురు, ఆ తర్వాత ఒక పతంగి, చాట్‌లో సగం వాటా. రెండూ పాలాయన బిడ్డ దగ్గరే ఉన్నాయి, అమ్మదు. అరుగు మీద పేపరు చదువుతున్నట్టు కూర్చున్న మామ పేజీ తిప్పి చాలాసేపయింది.

చీకటి పడుతుండగా లేచి వెళ్లాడు. చేతిలో జోర్డాన్‌లు ఉన్నాయి.

"పిల్లా, గా పొట్టోన్ని ఇస్తవా? ముగ్గురు జోర్డాన్‌లు ఇస్త."

"వద్దు తాతా."

మామ లోపలికి పోయాడు. సందుక మూత కిర్రుమన్నది. ఒక రీముతో బయటికి వచ్చాడు, 2014 నాటిది, మడత చెదరని రేపరు. "అయిదొందల కాయితాలు. బొమ్మలు గీసుకో. ఇట్లాంటిది నీకు దొరకది."

ఆ పిల్ల రేపరును అటూ ఇటూ తిప్పి చూసింది. బొటనవేలితో మూల నలిపింది కూడా, ఎక్కడ నేర్చిందో.

"ముందు ఇప్పి సూపియ్యి. తెల్లగున్నయో, పచ్చబడ్డయో."

మామ రీము వెనక్కి తీసుకొని ఛాతీకి ఆనించుకున్నాడు. పిల్ల ఒంటికాలి మీద నిలబడి ఎదురుచూస్తోంది. లోపలి నుంచి అత్త గొంతు వినిపించింది, బ్లేడు కిటికీలోనే ఉన్నదట.