గుండు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. సీసమందు నీరు చేరంగ రాదురా
గుండు కన్న ముందు కూరు మందు
వంటగిన్నె యందు వలదుర కరగింప
తీరవాస! వినుము తెలివి మాట

అవతారిక: రుషికొండ ఇసుకలో సీసపు గుళ్ళు కట్టిన విసురువల ఆరబెట్టుకునేవాడికీ, ఏజెన్సీలో నాటు తుపాకి దట్టించేవాడికీ కవి ఒక్క పద్యంతోనే బుద్ధి చెప్పబూనినాడు. కాగితం కలిసొచ్చింది.

టీక: తీరవాస = ఓ రుషికొండవాసీ; సీసమందు = కరిగిన సీసంలో; నీరు = తడి యేదైనా; గుండు = సీసపు గుళిక (సింహాచలంలో చేయించుకునేది కాదు); మందు = తుపాకి మందు (ఆదివారం సాయంత్రంది కాదు); కూరు = గజంతో (తుపాకి గొట్టంలోకి తోసే కడ్డీతో) దట్టించు.

తాత్పర్యం: సీసం 327 డిగ్రీల దగ్గర కరుగును. నీరు 100కే ఆవిరియగును. తడి అచ్చులో సీసం పోసినా, కాగుతున్న సీసంలో తడి గరిటె ముంచినా ఆ చుక్క సుమారు 1,700 రెట్లు ఉబ్బి సీసాన్ని మొహాన చిమ్మును. నుదుటి చెమట కూడా నీరేనని కవి చెప్పలేదు. విశాఖ ఉక్కపోతలో అదే అసలు గండం గనుక మేము చెప్పవలసి వచ్చినది. తలకు తువ్వాలు, కళ్ళకు అద్దాలు, చేతులకు తోలు తొడుగులు ఉండవలెను. అచ్చు ముందే వేడి చేయవలెను. మొదటి గుళ్ళు ముడతలు పడితే అచ్చు ఇంకా కాగలేదని భావము.

రెండో పాదం సులభం. మందు పోసి, నూనె గుడ్డలో పొదిగిన గుండును దానికి ఆనేదాకా గజంతో తోయవలెను. నడుమ ఖాళీ మిగిలితే గొట్టమే పగలవచ్చును. ముందు గుండే పడితే? పేలదు, అంతే. దాన్ని బయటికి లాగడం వేరే పద్యం. 1757లో బొబ్బిలిపై ఫ్రెంచి సేనాని బుస్సీ పేల్చిన ఫిరంగులదీ మందు ముందు, గుండు తరువాత అనే ఈ క్రమమే.

మూడో పాదాన్ని పాదపూరణమని కొట్టిపారేసేవారున్నారు. మేమొప్పము. పద్యానికి ప్రాణమదే. తడి చుక్క వెంటనే కాల్చి బుద్ధి చెప్పును. గిన్నెకంటిన సీసం కనబడదు, వాసన రాదు, పులుసుతో కలిసి పిల్లల ఒంట్లో చేరి మెదడు ఎదుగుదలను దెబ్బతీయును. తోమితే సరిపోదు. మూకుడు వేరు, గరిటె వేరు, పొయ్యి ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి. పని కాగానే సబ్బుతో చేతులు కడిగి, ఆ తరువాతే ముద్ద.

విశేషం: దగ్గరలోని తొట్లకొండలో శాతవాహన నాణేలు దొరికినవి. ఆ రాజులు సీసంతోనూ నాణేలు వేయించిరి. వారి వంటగిన్నెల సంగతి మాకు పట్టదు.

నాటు తుపాకికి 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావలెను. వల గుళ్ళకు అక్కరలేదు, సబ్బు చాలును.