ఫ్యూ, ఎ ఫ్యూ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: ఫ్యూ, ఎ ఫ్యూ; లిటిల్, ఎ లిటిల్.

టీక: ఫ్యూ = లెక్కకు వచ్చునవి, ఉండియు లేనట్లే తోచునవి; ఎ ఫ్యూ = అవియే, కాని పనికి చాలునవి; లిటిల్ = కొలతకు వచ్చునది, కొంచెమే; ఎ లిటిల్ = ఆ కొంచెమే, అయినను ఉన్నది.

తాత్పర్యం: ఈ సూత్రానికి ప్రాణం ‘ఎ’ అనే ఏకాక్షరం. రాత్రివేళ జనగామ బస్టాండులో ‘ఫ్యూ బస్సెస్’ అని విన్న ప్రయాణికుడు రైల్వేస్టేషను దారి పడితే, ‘ఎ ఫ్యూ బస్సెస్’ అని విన్నవాడు అక్కడే బెంచీ వెతుక్కుంటాడు. బస్సులు మాత్రం ఇద్దరికీ మూడే. కనుక ఈ పదాలు కొలిచేది సంఖ్యను కాదు, చెప్పేవాడి ఆశను. తెలుగులో ఈ భేదం ‘కొన్నే’, ‘కొన్ని’ అనే రూపాల్లో ఉంది. అవధారణార్థకమైన, అనగా ‘అంతకు మించి లేదు’ అని గిరి గీసే ఏకారం చివర చేరితే లేమి స్ఫురిస్తుంది. ఇంగ్లీషు ‘ఎ’ ముందు నిలిచి ఇచ్చే కలిమిని తెలుగు ‘ఏ’ వెనుక నిలిచి లాగేసుకుంటుంది గనుక, ఇక్కడ విద్యార్థికి మార్కులు పోవడంలో వింత లేదు.

ఆక్షేపం: నీళ్లు, పాలు, వడ్లు తెలుగులో బహువచనాలే గనుక, జనవ్యవహారంలో మానుకోట అయిన మహబూబాబాద్‌లో ‘కొన్ని నీళ్లు పొయ్యి’ అన్నట్టే ‘ఎ ఫ్యూ వాటర్’ అనరాదా?

సమాధానం: అనరాదు. ఇంగ్లీషు నీటిని విడివిడిగా లెక్కపెట్టదు గనుక అది ‘ఎ లిటిల్ వాటర్’. ఆ ఊరి మార్కెట్టుకు వచ్చే మిర్చికైతే రెండు గతులున్నాయి: కాయలుగా ఉన్నంతవరకు ‘ఎ ఫ్యూ చిల్లీస్’, దంచిన తరువాత ‘ఎ లిటిల్ చిల్లీ పౌడర్’. భూపాలపల్లి సింగరేణి గనుల బొగ్గు ఎంత తగ్గినా ‘లిటిల్’ పాలిటిదే. దాన్ని మోసే లారీలు తగ్గితే మాత్రం ‘ఫ్యూ’ అవుతాయి.

విశేషం: ‘క్వైట్ ఎ ఫ్యూ’ అనగా కొన్ని కాదు, చాలానే, ఇంగ్లీషు ఇలా తన సూత్రాన్ని తానే తప్పుతుంది, దీనికి వ్యుత్పత్తి వెదకడం కన్నా బట్టీ పట్టడం మేలు. 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా కేంద్రాలైన నాడు తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. కొత్తవైన ఆ 21 జిల్లాలకు ‘క్వైట్ ఎ ఫ్యూ’ తగును. 2019లో భూపాలపల్లి నుండి విడివడిన ములుగుకు, అదే ఏడు జిల్లా అయిన నారాయణపేటకు కలిపి ‘ఎ కపుల్’ చాలును.