డ్రైయరు పద్యము - టీకా తాత్పర్యము

అవతారిక: అమెరికాలో కాపురముండు ఒకానొక తెలుగు గృహస్థు శనివారము సాయంకాలము డ్రైయరు తలుపు తెరచెను. గంటసేపు తిరిగిన జీన్సు ప్యాంటు నడుముపట్టీని వేళ్లతో నొక్కగా నీరు చేతికంటెను. పెరటిలో దండెము కట్టుకొందమన్న కాలనీ సంఘమువారి నియమము ఒప్పుకొనదు. అతని ఘోషకు బదులుగా కవి ఈ ఆటవెలదిని చెప్పుచున్నాడు.

డ్రమ్ము తిరుగుచుండు రాదు వేడి యొకింత
బట్ట పెట్టినట్లె పచ్చిగుండు
రెండు ఫేజులందు రెప్ప వాల్చె నొకటి
ప్లగ్గు పీకి పిదప పట్టు మరను

ప్రతిపదార్థము: డ్రమ్ము = బట్టలు వేసెడి రేకు పీపా; తిరుగుచుండు = ఏ లోపము లేనట్లే తిరుగుచుండును; వేడి = ఉష్ణము; ఒకింత = రవంతయును; రాదు = పుట్టదు; బట్ట = (జాత్యేకవచనము) చొక్కాలు, తువ్వాళ్లు, దుప్పట్లు, జత తప్పిన మేజోళ్లు; పెట్టినట్లె = లోపల వేసినప్పుడున్నట్లే; పచ్చిగుండు = తడిగానే ఉండును (చివర ‘గుండు’ను విడదీసి తిరుపతి ప్రస్తావన తెచ్చువారున్నారు, అది అసంగతము); రెండు ఫేజులందు = గోడనుండి వచ్చు రెండు కరెంటు తీగలలో; ఒకటి = ఏదో యొకటి; రెప్ప వాల్చెన్ = సోలిపోయెను; (కావున) ప్లగ్గు = గోడకున్న ప్లగ్గును; పీకి = ఊడదీసి; పిదప = అటు తరువాతనే; మరను = యంత్రమును; పట్టు = తాకుము.

తాత్పర్యము: తిరుగుట వేఱు, ఎండుట వేఱు.

శంక: డ్రమ్ము తిరుగుచున్నది, లోపలి దీపము వెలుగుచున్నది. ఇక కరెంటు లేదనుట ఎట్లు?

సమాధానము: ఇచ్చటనే పద్యము యొక్క జీవమంతయు ఉన్నది. అమెరికా ఇంటికి కరెంటు 120 వోల్టుల తీగలు రెండుగా వచ్చును. ఏ యొక్క తీగకైనను న్యూట్రలుకును నడుమ 120. రెండు తీగల నడుమ 240. మోటారుకును దీపమునకును 120 చాలును. హీటరుకు 240 కావలెను. కనుక ఒక తీగ పడిపోయినను మోటారు రెండవదానితో నిశ్చింతగా తిరుగుచుండును, హీటరు మాత్రము చల్లగా కూర్చుండును. పడిపోయినది మోటారు పట్టుకొన్న తీగయే అయినచో డ్రమ్మే కదలదు. అప్పుడీ పద్యము వర్తింపదు, వేఱొక పద్యము చూచుకొనవలెను.

ఇవి రెండు ఫేజులు కావు, ఒకే ఫేజును నడిమికి చీల్చినవని శాస్త్రజ్ఞులు ఆక్షేపింతురు. వారి మాట నిజమే. కాని కవికి గణములు కుదిరినవి.

రెప్ప వాలిన చోటేది? మొదట బ్రేకరు పెట్టె చూడవలెను. డ్రైయరుకు 30 ఆంపియర్ల జంట బ్రేకరు, రెంటికిని కలిపి ఒకే పిడి. అది ట్రిప్పయినప్పుడు పిడి నడిమధ్యన నిలిచి, దూరమునుండి చూచువారికి ఆనులోనే ఉన్నట్లు కనబడును. దానిని ఆఫు వైపునకు పూర్తిగా నెట్టి, మరల ఆను చేయవలెను. మరల పడిపోయినచో పంతము పట్టి నెట్టరాదు, ఎలక్ట్రీషియన్‌ను పిలువవలెను.

రెండవ చోటు యంత్రము వీపు. ప్లగ్గు పీకిన మీదట, తీగలు బిగించు చోటి చిన్న రేకు మూత విప్పినచో ఎఱుపు, నలుపు తీగలు అంచులందును, తెలుపు నడుమను కనబడును. ఒక స్క్రూ వదులైనచో అచ్చట వేడి పుట్టి, తీగ తొడుగు గోధుమరంగుకు తిరిగి, మాడిన ప్లాస్టిక్కు వాసన వచ్చును. ఈ వాసన తగిలినవాడు ఇంకను క్రొత్త హీటరు బేరమాడుచున్నచో అతనికి వ్యాఖ్యానము వలన ప్రయోజనము లేదు.

రెండు తీగలును బాగున్నచో అపరాధి యంత్రములోనే ఉన్నాడు. 5,400 వాట్ల హీటరుకు 240 వోల్టులవద్ద సుమారు 10.7 ఓమ్‌లు లెక్కకు వచ్చును. ప్లగ్గు పీకి, హీటరు తీగలు విప్పి మీటరు పెట్టినప్పుడు పది ప్రాంతమున అంకె వచ్చినచో హీటరులోని తీగచుట్ట తెగలేదు. అంకెయే రానిచో తెగినది. చుట్ట బాగున్నచో పిదప చూడవలసినది, వేడి మితిమీరినప్పుడు తెగెడి థర్మల్ ఫ్యూజు; అది ఒక్కసారికే పనికివచ్చు వస్తువు. కాలిపోయినచో క్రొత్తది వేయుటకు ముందు అదేల కాలెనో అడుగవలెను. తఱచుగా దోషము వేడిగాలి బయటికి పోవు గొట్టములో నిండిన నూగుది. ఇండ్లలో డ్రైయరు మంటలకు మొదటి కారణము శుభ్రము చేయకపోవుటయేనని అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ చెప్పుచున్నది.

ప్లగ్గు గూర్చి పాఠభేదము కలదు: పాత ఇండ్లలో మూడు కాళ్లు, 1996 నాటి ఎలక్ట్రికల్ కోడు పిమ్మట వేసిన క్రొత్త లైన్లకు నాలుగు కాళ్లు. పాత డ్రైయరును క్రొత్త ఇంటికి తెచ్చి త్రాడు మార్చువారు, యంత్రపు రేకును నడిమి న్యూట్రలుతో కలిపియున్న పట్టీని తప్పక విప్పవలెను. నాలుగవదైన ఆకుపచ్చ తీగ రేకుకు బిగింపబడవలెను. ఈ పట్టీని మఱచినచో బట్టలు ఎండును గాని పద్ధతి తప్పినట్లే.

ఫలశ్రుతి: నాలుగవ పాదమును పాటించి మొదటి మూడు పాదములు చదివినవారికి బట్టలు ఎండును. బటను ఆపితిమి కదా అని ప్లగ్గు పీకక మూత విప్పువారికి చెప్పదగిన ఫలమేమియు లేదు. బటను ఆపినను తీగలు బిగించిన చోట కరెంటు ఉండనే ఉండును. గోడ సాకెట్టులో 240 ఉన్నదా లేదా అని కొలుచుట కరెంటుండగా చేయు పని కనుక, అది ఎలక్ట్రీషియన్‌కే వదలుడు. అతడు కొలిచి చెప్పువఱకు క్రొత్త హీటరు కొనకుడు.