నక్క తోక తొక్కే ఊరు

అదృష్టం కలిసొచ్చినవాణ్ని చూసి మనవాళ్లు "నక్క తోక తొక్కి వచ్చావా?" అంటారు. ఆ లెక్కన లండన్‌లోని తెలుగువాళ్లందరూ ఈపాటికి కోటీశ్వరులై ఉండాలి. ఈస్ట్‌హామ్‌లోనో హౌన్స్‌లోలోనో నైట్ షిఫ్టు దిగి ఇంటికి నడిచేవాడికి సందు మలుపులో నక్క ఎదురుపడటం మామూలే. అది పారిపోదు. వీధి దీపం కింద ఆగి, "నీకిక్కడేం పని?" అన్నట్టు ఎగాదిగా చూసి, తీరిగ్గా రోడ్డు దాటుతుంది.

అడిగే హక్కు దానికుంది మరి. ఇతగాడు వర్క్ వీసా మీద వచ్చాడు, ఆరోగ్య సర్‌చార్జి కింద ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున ముందే కక్కాడు. నక్కేమో రెండు ప్రపంచ యుద్ధాల నడుమ, పెరళ్లున్న ఇళ్లతో శివార్లు పెరిగిన రోజుల్లోనే పట్నవాసి అయింది. షెడ్డు కింద గొయ్యి తీసుకుని మార్చికల్లా నాలుగైదు పిల్లల్ని పెడుతుంది. అద్దె లేదు, కౌన్సిల్ ట్యాక్స్ లేదు. జనవరిలో జతకట్టే వేళ ఆడనక్క పెట్టే కేక వింటే కొత్తగా దిగినవాడికి ఎవరో ఎవరి పీకనో కోస్తున్నారనే అనిపిస్తుంది.

గుర్రాలెక్కి, వేటకుక్కలను ఉసిగొల్పి నక్కను తరమడం ఇంగ్లండులో 2005 ఫిబ్రవరి నుంచి నేరం. పల్లె నక్కను కాపాడటానికి చట్టం కావాల్సి వచ్చింది. పట్నం నక్కకు చెత్తసంచీ చాలు.

నక్క ఎక్కడ, నాగలోకం ఎక్కడ అన్న సామెతకు 2011 ఫిబ్రవరిలో కాలం చెల్లింది. అప్పటికింకా కడుతూ ఉన్న షార్డ్ భవనం 72వ అంతస్తులో ఓ నక్కపిల్ల దొరికింది. మెట్లెక్కి వెళ్లి, కూలీలు వదిలేసిన తిండితో బతికేసింది. పట్టుకున్నవాళ్లు దానికి రోమియో అని పేరు పెట్టి, పరీక్షలు చేయించి, మళ్లీ ఆ పేట వీధుల్లోనే వదిలారు. అదే నెలలో ప్రధాని ఇంట్లో ఎలుకలు పట్టే కొలువులో చేరిన లారీ అనే పిల్లి 2022 అక్టోబరులో ఆ గుమ్మం ముందే ఒక నక్కను తరిమింది. అదే నెలలో ప్రధాని మారిపోయారు. పిల్లి కొలువు మాత్రం పదిలం.

పోలీసుల సంగతి ఇంకా ముచ్చట. క్రోయ్‌డన్ చుట్టుపక్కల తలలు, తోకలు లేని పిల్లుల కళేబరాలు దొరుకుతుంటే ఎవడో ఉన్మాది తిరుగుతున్నాడని ఊరంతా గగ్గోలు. మెట్రోపాలిటన్ పోలీసులు దాదాపు మూడేళ్లు వెతికి 2018 సెప్టెంబరులో తేల్చారు: చంపినవి కార్లు, తలలు కొరుక్కుపోయినవి నక్కలు. ముద్దాయి ఆ మూడేళ్లూ రాత్రిపూట వాళ్ల జీపుల ముందు నుంచే నడిచిపోయి ఉంటుంది.

మనవాళ్లకు అసలు గండం చెప్పులతో. గుమ్మం బయట విడవడం పుట్టుకతో వచ్చిన అలవాటాయె. నక్కకు, ముఖ్యంగా పిల్లలకు, నమలడానికి తోలు దొరికితే పండగ. ఇది లండన్ జబ్బే కాదు. 2020లో బెర్లిన్‌లోని జెలెన్‌డార్ఫ్ పేటలో చెప్పులు వరసగా మాయమయ్యాయి. కొత్త బూటు పోగొట్టుకున్న ఒకాయన పట్టు వదలకుండా వెతికి, నోట్లో నీలం చెప్పులతో పోతున్న నక్కను కనిపెట్టాడు. దాని స్థావరంలో వందకు పైగా పాదరక్షలు బయటపడ్డాయి.

ఆయన బూటు మాత్రం అందులో లేదు.