అల్లుడుగారి అరణ్యకాండ

భద్రాచలంలో ఇల్లు అద్దెకు తీసుకునేవాడు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. ఇక్కడ రాముడంతటివాడే పుట్టలోంచి బయటికొచ్చాడు. పోకల దమ్మక్క అనే గిరిజన భక్తురాలికి కలలో కనిపించి ఫలానా పుట్టలో ఉన్నానని చెబితే, ఆవిడ గోదావరి నీళ్లు తెచ్చి పోసి, పుట్ట కరిగించి, బయటపడ్డ మూర్తులకు తాటిపండు నైవేద్యం పెట్టిందని స్థలపురాణం. కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారుగా వచ్చి గుడి కట్టించడం ఆ తర్వాతి మాట. అంటే సాక్షాత్తూ దేవుడు కూడా కొన్నాళ్లు చెదపురుగుల ఇంట్లో అద్దెకున్నవాడే. అలాంటి ఊళ్లో, బీరువా వెనక గోడ మీద మట్టిగీత కనిపించిందని రాత్రి పదింటికి ఇంటి ఓనరుకు ఫోన్ చేసిన ఘనుణ్ణి నేను.

"చెదలే కద సార్, పొద్దున చూద్దాం" అన్నాడాయన.

"పొద్దున దాకా ఏం చేయమంటారు?"

"పడుకోండి సార్."

నాది సికింద్రాబాద్. నాలుగో అంతస్తు ఫ్లాటులో పెరిగిన ప్రాణం. పురుగంటే బొద్దింక, క్రూరమృగమంటే బల్లి. నా జంతుశాస్త్రం అక్కడితో సమాప్తం. మా ఆవిడది పాల్వంచ, కిన్నెరసాని గాలి పీల్చి పెరిగిన మనిషి. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిన రోజున ఆవిడ పుట్టిల్లు దగ్గరైందని మురిసిపోయింది. నేను ఫోనులో మ్యాపు తెరిచి, ఆ పచ్చదనం చూసి నీరసపడ్డాను. పరదేశం అనిపించుకోవాలంటే పాస్‌పోర్టే ఉండాలా? 2014లో రాష్ట్రాన్ని పంచినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణకు మిగిలింది, ఆ మండలంలోని మిగతా పల్లెలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఊరు దాటి ఎటపాక వైపు అడుగేస్తే పొరుగు రాష్ట్రం. చింతూరు మీదుగా ఇంకాస్త పోతే ఛత్తీస్‌గఢ్. మూడు రాష్ట్రాల పురుగులకూ మా పెరడే జంక్షన్. వాటికి విభజన చట్టమూ లేదు, చెక్‌పోస్టూ లేదు.

గోదావరికి ఇక్కడ మూడు ప్రమాద హెచ్చరికలుంటాయి. నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటిది, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగుల వరదనూ, 2022 జులైలో 71 అడుగులు దాటిన వరదనూ చూసిన ఊరిది. అంకె చెవిన పడగానే సామాను సర్దాలో, టీ పెట్టుకోవాలో ఇక్కడివాళ్లు తేల్చేసుకుంటారు. మా ఇంటి వరకు వానాకాలపు హెచ్చరికలు జారీ చేసేది మా ఆవిడ. చీమలు గుడ్లు మోసుకుంటూ గోడెక్కితే మొదటి హెచ్చరిక. బాత్‌రూమ్ తూములోంచి జెర్రి మీసాలు బయటపెడితే రెండోది. నేను మంచమెక్కి నిలబడితే మూడోది. ఆ పైన చీపురు రంగంలోకి దిగుతుంది. పట్టేది ఆవిడే. నేను మంచం మీంచి "అదిగో, బకెట్ వెనక! కాదు, ఎడమ పక్క! నీ ఎడమ కాదు, నా ఎడమ!" అంటూ సహకరిస్తాను. వరదలప్పుడు నాయకులు చేసేదే నేనూ చేస్తాను, ఏరియల్ సర్వే.

తొలకరి పడ్డ ఓ సాయంత్రం ట్యూబ్‌లైటును ఉసిళ్లు కమ్ముకున్నాయి. పుట్టలోంచి జోడు వెతుక్కుంటూ బయల్దేరే రెక్కల చెదలే ఈ ఉసిళ్లనీ, నేల మీద వాలాక రెక్కలు రాల్చేసుకుని, జంట జంటగా కొత్త కాపురాలు పెడతాయనీ నేను దుప్పటి ముసుగులో ఫోను చూసి తెలుసుకున్నాను. మా అత్తగారు అప్పుడు మా ఇంట్లోనే ఉన్నారు. ఆవిడ ఏమీ చదవలేదు. ఇంట్లో లైట్లన్నీ ఆర్పించి, వరండాలో ఒక్క బల్బు ఉంచి, దాని కింద నీళ్ల బేసిను పెట్టించారు. కాసేపట్లో నీళ్లు కనపడలేదు. మర్నాడు వాటిని ఆరబోసి, చేటలో పోసి చెరిగితే రెక్కలన్నీ గాలికి పోయాయి. మూకుట్లో దోరగా వేయించి, ఉప్పూ కారం చల్లి, పేలాల్లో కలిపి ప్లేటు నా ముందు పెట్టారు.

ఇక్కడ నా పూర్వాశ్రమం గురించి ఒక మాట. సికింద్రాబాద్‌లో ఉన్నప్పుడు ఆఫీసు క్యాంటీనులో పురుగుల ఆహారం మీద నేను ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో నివేదిక విడుదల చేసిందనీ, ప్రపంచంలో 1,900కు పైగా రకాల పురుగుల్ని తింటున్నారనీ, సుమారు 200 కోట్ల మంది భోజనంలో అవి భాగమనీ, మానవజాతి భవిష్యత్తు అందులోనే ఉందనీ ఎదుటివాడి ఇడ్లీ చల్లారిపోయేదాకా చెప్పేవాణ్ణి. ఇప్పుడా భవిష్యత్తు ప్లేటులో వచ్చి కూర్చుంది. దానికి కాళ్లున్నాయి.

"నేను శనివారం నీసు ముట్టను అత్తయ్యా" అన్నాను.

"ఇవాళ బుధవారం అల్లుడుగారూ" అన్నారావిడ, ప్లేటు తనవైపు జరుపుకుంటూ.

ఆరుద్ర కార్తె వచ్చింది. పక్కింటి పాప అగ్గిపెట్టె తెచ్చి, "అంకుల్, ముట్టుకో, మెత్తగుంటది" అంటూ తెరిచింది. లోపల ఎర్రటి మఖమల్ ముద్ద ఒకటి నింపాదిగా కాళ్లు ఆడిస్తోంది. ఆరుద్ర పురుగు. ఎనిమిది కాళ్లవి, సాలీడుకు చుట్టాలు. అది కనబడితే వానలు బాగా పడతాయని రైతులు సంబరపడతారు. నేను మాత్రం వెనక్కి జరిగి, బిందె తన్ని, వరండాలో చిన్న వరద తెప్పించాను. రైతుల నమ్మకం ఆ రకంగా నిజమైంది.

మరో రాత్రి కిటికీలోంచి అరచేతికంటే పెద్ద చిమ్మట ఒకటి లోపలికొచ్చి గోడకు వాలింది. రెక్కరెక్కకూ ఒక గుండ్రటి కన్ను. ఆ నాలుగు కళ్లూ నన్నే చూస్తున్నాయి. నేను వంటింట్లోకి పారిపోయి తలుపు గడియ పెట్టుకున్నాను. బయటినుంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "ఏవండీ, దసలి పట్టు చిమ్మటండీ ఇది. మద్దిచెట్ల మీద గూళ్లు కడుతుంది. మీరు మహదేవపూర్‌లో కొన్న చీర వీళ్ల చలవే!" ఆ చీరకు గంటసేపు బేరమాడింది నేనే. అసలు తయారీదారుతో ముఖాముఖి కావడం మాత్రం అదే మొదలు. మా ఆవిడ దాన్ని కాగితం మీదకి ఎక్కించుకుని పెరట్లో వదిలి వచ్చాక గడియ తీశాను.

తేలు విషయంలో మాత్రం శాస్త్రీయంగా దిగాను. అల్ట్రావయొలెట్ వెలుగు పడితే తేలు ఒళ్లంతా ఆకుపచ్చగా మెరుస్తుందని చదివి, దొంగనోట్లు పట్టే నీలి టార్చి తెప్పించాను. చీకటి పడ్డాక పెరటి గుమ్మంలో నిలబడి వెలిగించాను. కట్టెల మోపు దగ్గర ఒకటి మెరిసింది. శాస్త్రం గెలిచిందని పొంగిపోయాను. టార్చి ఇటు తిప్పితే ఇటుకల సందులో ఇంకోటి, గోడ పగులులో మరోటి, చివరికి మెట్టు పక్కన, రోజూ నేను చెప్పులు విడిచే చోట, తోకెత్తి ఒకటి. పెరడంతా దీపావళి. అజ్ఞానంలో ఉన్నన్నాళ్లు మా ఇంట్లో ఒక్క తేలే ఉండేది.

నా కేకకు అత్తగారు వచ్చి మామూలు టార్చితో చూశారు. "ఈ నల్లగా పెద్దగా ఉన్నది మండ్రగబ్బ. చూస్తేనే భయం, కుడితే మంట, అంతే. ఇదిగో, ఈ సన్నటి ఎర్రది, దీనికి జడవాలి" అన్నారు. తర్వాత చదివితే పుస్తకాలూ అదే చెప్పాయి. ఎర్ర తేలు విషం గుండెను పట్టుకుంటుంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రజోసిన్ అనే రక్తపోటు మాత్రతో అలాంటి ఎందరినో బతికించారు. నేను చేతులెత్తి మొక్కింది నల్లదానికి, నిర్లక్ష్యంగా దాటి వచ్చింది ఎర్రదాన్ని.

నా భయాల పద్దు అంతా అలాగే తయారైంది. జెర్రికి ఇంత, చిమ్మటకు ఇంత, బల్లికి సింహభాగం కేటాయించేసరికి దోమకు పైసా మిగల్లేదు. ఏజెన్సీ అంచున కాపురం, దోమతెర లేకుండా పడుకోవద్దని ఆశా కార్యకర్త మొదట్లోనే చెప్పి వెళ్లింది. తెర ఉంది. దాన్ని నేను బల్లి రాకుండా వంటింటి గుమ్మానికి మేకులు కొట్టి బిగించాను. భాద్రపదంలో చలిజ్వరం వచ్చి, మూడు దుప్పట్ల కింద పళ్లు టకటకలాడాయి. ఆస్పత్రిలో వేలు గుచ్చి రక్తం తీసి, మలేరియా అన్నారు. ఒక మాత్ర మూడు రోజులు, ఇంకో మాత్ర 14 రోజులు. దోమ కడుపులో మలేరియా జాడను రోనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, సాక్షాత్తూ మా సికింద్రాబాద్‌లో. దానికే ఆయనకు 1902లో నోబెల్ వచ్చింది. ఆ ఊరివాణ్ణి నేను, నూటపాతికేళ్లు గడిచినా కబురు అందనట్టు పడుకున్నాను.

ఇప్పుడు తెర మంచం మీదకి మారింది. చెప్పులు దులపనిదే కాలు పెట్టను. వాన పడితే ఇటుకల మీద చెయ్యి వేయను. రోకలిబండ అడ్డొస్తే పక్కకు తప్పుకుని దారిస్తాను. మొన్న అత్తగారు ఫోన్ చేసి, "అల్లుడుగారికి ధైర్యం వచ్చిందా?" అని అడిగారట.

"ధైర్యం రాలేదమ్మా, లిస్టు తగ్గింది" అంది మా ఆవిడ.

బల్లి ఇంకా లిస్టులోనే ఉంది.